తేటగా ఉన్న సీసాలు

మా పక్కింటి హెర్మీనియాకి శుభ్రం పిచ్చి. విమానం అరటితోట మీద ఆకుమచ్చ తెగులు మందు కొట్టి వెళ్ళిందంటే చాలు, తీగ మీది బట్టలన్నీ లాగి మళ్ళీ ఉతికేస్తుంది. మా ఊరు మతీనాలో మా ఇళ్ళ వరసకీ తోటకీ మధ్య ఒక్క మురుగుకాలవే అడ్డం. ఆ కాలవ దగ్గర ఆగిపోవాలని మందుకేం తెలుసు? మా నెత్తినా పడుతుంది.

ఆమె కోడలు యోర్లేనీ కడుపుతో ఉన్నప్పుడు రాజధాని శాన్ హోసే నుంచి మారిబెల్ అనే అమ్మాయి పరిశోధన కోసం వచ్చింది. మందు ఒంట్లోకి పోతే దాని ఆనవాలు మూత్రంలో దొరుకుతుందట. వరసలో కడుపుతో ఉన్నవాళ్ళందరికీ తలో సీసా ఇచ్చింది.

"పొద్దున లేవగానే మొదటిసారి పోసేది పట్టండి. మందు ఎంతుందో తేలితే తోట కంపెనీ వాళ్ళ ముందు పెడతాం. విమానాన్ని ఇళ్ళకి దూరంగా జరపమని గట్టిగా అడగొచ్చు," అంది.

యోర్లేనీకి ప్రాణం లేచొచ్చింది. "వీడు పుట్టేలోపు జరిపితే చాలు," అంది పొట్ట నిమురుకుంటూ.

హెర్మీనియా దిగులు వేరు. చదువుకున్న పిల్ల చేతిలో పచ్చటి, వాసనేసే మూత్రం పెడతామా! మా వైపు ఎవరికి ఏ పరీక్ష అన్నా ముందు కొబ్బరిబోండాలు తాగించి కిడ్నీలు కడిగించడం అలవాటు. బోండాల గెల దింపి కూర్చుంది.

"తాగవే."

"అత్తా, లోపల పిల్లాడు మునిగిపోతాడు!"

"ఈత నేర్చుకుంటాడులే, తాగు."

తెల్లారి మొదటిది చూసి మొహం చిట్లించింది. "ఛీ, కాఫీలా ఉందేంటే? పారబొయ్యి." మళ్ళీ బోండాలు కొట్టింది. చివరికి నీళ్ళలా తేటగా వచ్చినదాన్ని సీసాలోకి పట్టించింది. అంతటితో ఊరుకుందా? వరసంతా తిరిగి మిగతావాళ్ళ చేతా అలాగే చేయించింది.

"వీటిని చర్చిలో ఫాదర్‌కిస్తే బాప్తిస్మం ఇచ్చేస్తాడు," అన్నాను సీసాలు చూసి. అందరం పడీపడీ నవ్వాం.

మారిబెల్ తిరిగొచ్చేసరికి యోర్లేనీకి కొడుకు పుట్టాడు. మిగతావాళ్ళూ నీళ్ళాడేశారు.

"మీ వరస సీసాలన్నీ ల్యాబ్ వాళ్ళు పక్కన పెట్టేశారు. మరీ పలచగా ఉన్నాయి, లెక్క నమ్మడానికి లేదన్నారు," అంది.

"ఓస్, అంతేనా! మళ్ళీ పడతాం," అంది హెర్మీనియా.

"కడుపుతో ఉన్నప్పటిది ఇప్పుడెలా వస్తుందమ్మా?"

కాలవకి ఎగువన ఉన్న ఇళ్ళకి లెక్క తేలింది, అక్కడ విమానాన్ని జరిపారు. మా వరస మాట వచ్చేసరికి, రుజువేదీ అన్నారు కంపెనీ వాళ్ళు. "నా శుభ్రం మండిపోను!" అని తల బాదుకుంది హెర్మీనియా. యోర్లేనీ ఆ రోజు నుంచి తన బట్టలు, పిల్లాడి బట్టలు అత్తకివ్వకుండా తనే ఉతుక్కుంది. అంతకంటే తిట్టినా బాగుండేది పాపం. విమానం మాత్రం మా మీదుగానే తిరిగింది. పిల్లాడు జోస్వే ఆ వాకిట్లోనే పాకాడు, ఆ మట్టి చేతులే నోట్లో పెట్టుకున్నాడు.

వాడి మొదటి పుట్టినరోజు దాటాక మారిబెల్ మళ్ళీ వచ్చింది, ఈసారి పిల్లల మూత్రం కోసం. హెర్మీనియా దగ్గరుండి పట్టించింది. ముదురు పసుపు రంగు సీసా మారిబెల్ చేతిలో పెట్టి, "ఈసారి ఏమీ కడగలేదమ్మా. ఉన్నదున్నట్టే ఇస్తున్నా," అంది.

లెక్క వచ్చింది. మా వరసలో అందరికంటే జోస్వే ఒంట్లోనే మందు ఎక్కువ.

"ఇంత బలమైన రుజువు ముందు కంపెనీ వాళ్ళు ఒప్పుకోక తప్పలేదు. వచ్చే వారం నుంచి విమానం ఇటు రాదు," అంది మారిబెల్. ఆడవాళ్ళంతా చప్పట్లు కొట్టారు.

హెర్మీనియా కొట్టలేదు. కోడలి వైపు తిరిగి, "ఇది నీ సీసాలోనే కనబడాల్సింది కదే. ఈ ఏడాదంతా వీడికి తప్పేది," అంది.

యోర్లేనీ పిల్లాణ్ణి తెచ్చి అత్త ఒళ్ళో కూర్చోబెట్టింది. హెర్మీనియా చేతిగుడ్డతో వాడి మూతి తుడవడం మొదలుపెట్టింది. మూతి శుభ్రంగానే ఉంది. అయినా తుడుస్తూనే ఉంది.