పనిచేసే పిల్ల

రొయ్యలు వలుస్తూ టర్కిష్ నేర్చుకుంది నర్గీస్. ఫోన్‌లో సీరియల్ చూసి మొదలైన సరదా అది. చేతులు నీచు కాబట్టి ఫోన్‌ని పోపులపెట్టెకు ఆనించి, మోచేత్తో పాఠం జరుపుకునేది. అత్తగారు నూరున్నీసా తొంగి చూసి, "రొయ్యలొలవడానికి ఏ బాసయితే ఏటే?" అని వెక్కిరించేది. నర్గీస్‌కి మాత్రం పుట్టింట్లో ఉన్నంత హాయి. ఆ భాషలోనూ క్రియ వాక్యం చివరికే వస్తుంది, మన తెలుగులాగే. ఇల్లు అనే మాటకు తోకలు తగిలించుకుంటూ పోతే మా ఇల్లు, మా ఇంట్లో, మా ఇంట్లోంచి. ఇంగ్లీషువాళ్లకు అందరూ సిస్టర్-ఇన్-లాలే గానీ, టర్కిష్‌లో ఆడపడుచుకో మాట, తోడికోడలికో మాట. భార్యకీ భర్తకీ మాత్రం కలిపి ఒకటే మాట, ఎష్. ఆ పాఠం దగ్గర చేతిలో రొయ్య చేతిలోనే ఉండిపోయింది. ఒకటే మాటట! ఆ సంబరం పట్టలేక మొగుడు ఖాజాకి చెప్పింది. "బాగుంది గానీ, టీ ఎట్టు" అన్నాడు.

ఆ టర్కిష్షే అతనికి అక్కరకొచ్చింది. వన్‌టౌన్‌లో ఖాజాది పాలరాయి కొట్టు. టర్కీ నుంచి తెప్పించిన పలకలు పోర్టులో తెరిచి చూస్తే సగం పగిలి ఉన్నాయి. అమ్మిన గుల్షెన్ అనే ఆవిడకి ఇంగ్లీషు రాదు. ఆదివారం మధ్యాహ్నం, బిర్యానీ దమ్ము మీద ఉండగా, "సెయ్యి కడుక్కుని రా" అని నర్గీస్‌ని వీడియో కాల్ ముందు కూర్చోబెట్టాడు. అటు మాట ఇటు, ఇటు మాట అటు చేరవేసింది ఆమె. పగిలినవాటికి బదులు కొత్తవి పంపడానికి గుల్షెన్ దాదాపు ఒప్పుకుంది. అంతలో నవ్వుతూ ఏదో అడిగింది.

"ఏటంటంది?" అన్నాడు ఖాజా.

"ఇంత బాగా మాటాడతన్న ఈ పిల్ల మీకేటవుద్ది అంటంది."

ఎష్ అనే మాట నర్గీస్ నాలుక చివర సిద్ధంగా ఉంది.

ఖాజా ఫోన్ మీంచి చూపయినా తిప్పలేదు. "మా కొట్లో పనిసేసే పిల్లని సెప్పు. పెళ్లాం సేత బేరమాడిస్తన్నానంటే పరువుంటాదేటి?"

చెంప మీద కొట్టినా అంతలా దిమ్మెరపోయేది కాదు. ఉప్పు అందుకోమన్నంత మామూలుగా అన్నాడు. కోపంలో అన్నా సర్దుకునేది. పైగా ఆ మాట తన నోటితోనే తను చెప్పాలి! వంటింటి గుమ్మంలో నిలబడ్డ అత్తగారి వైపు చూసింది.

"సెప్పీయే, బిర్యానీ మాడిపోతాది" అంది ఆవిడ.

చెప్పింది. పొల్లుపోకుండా చెప్పింది. ఆ మాటలు తన గొంతులోంచే వస్తున్నాయంటే నమ్మలేకపోయింది.

గుల్షెన్ నవ్వు ఆగిపోయింది. "నేనంటే యజమానిని, కూర్చున్నాను. ఆదివారం పూట ఆ పిల్లనెందుకయ్యా రప్పించావు? తనకి సెలవుండదా?" అని ఖాజాని టర్కిష్‌లోనే గట్టిగా మందలించింది.

"ఏటంటంది? ఒప్పీసుకుందా?" ఖాజా ఆత్రంగా అడిగాడు.

నర్గీస్ లేచింది. పొయ్యి ఆర్పలేదు. చున్నీ సర్దుకుని, గుమ్మం దగ్గర చెప్పులేసుకుంది. ఫోన్‌లో గుల్షెన్ ఇంకా మాట్లాడుతూనే ఉంది. ఒక్క ముక్కా అర్థంకాక ఖాజా ఆవిడ వంకా, పెళ్లాం వంకా మార్చి మార్చి చూస్తున్నాడు.

"పనిసేసే పిల్లకి ఆదివారం సెలవంట" అంది నర్గీస్. "నాను ఎల్తన్నాను."