అత్తగారి వేళ్ళు, అల్లుడి ఇటుకలు

గలగల… గలగల…

మొదట వాన అనుకుంది.

కాని ఇది గుల్లగా, ఆగి ఆగి కురుస్తోంది. పక్కగదిలో కురుస్తోంది. ఎవరో ఊపిరి బిగబట్టినట్టు ఒక్క క్షణం ఆగి — మళ్ళీ మెల్లగా, దొంగచాటుగా…

ఆమె మంచం అంచున కూర్చుని చెవులు రిక్కించింది.

కూతురింటికి వచ్చి మూడు రోజులైంది. చూపు నడిమధ్య ఒక మసక మచ్చ. ఎవరి వైపు చూస్తే వాళ్ళ ముఖం మాయం. అంచులు మాత్రం మిగిలాయి. చెవులు, భుజాలు, తలుపు చట్రం.

కూతురు కళ్ళద్దాల దుకాణంలో పని చేస్తుంది. వచ్చిన వాళ్ళందరి చూపూ సరిచేసి పంపుతుంది. అమ్మ చూపుకు సరిపోయే అద్దం మాత్రం ఆ దుకాణంలో లేదు. ఆ మాట ఇద్దరూ ఎత్తరు.

"ఏమిటే ఆ చప్పుడు?"

"నీ అల్లుడి ఆస్తి, అమ్మా. పిల్లలు ఆడుకునే ప్లాస్టిక్ ఇటుకలు. నలభై కిలోలు! ఇన్ని ముక్కలున్నాయని పెళ్ళికి ముందు ఒక్క ముక్క చెప్పలేదు."

నవ్వింది. నవ్వు సగంలో ఆగింది.

"ఆదివారం నాలుగింటికి పిల్లల లైబ్రరీ పెద్దాయన వ్యాన్ తెస్తాడు. అన్నీ ఆయనకే ఇచ్చేస్తున్నాం. ఆ గది నీకని, మంచం కూడా వేశాం."

శుక్రవారం సాయంత్రం అది.

అల్లుడు లిఫ్టు మెకానిక్. ముప్పై ఎనిమిదేళ్ళు. పన్నెండో అంతస్తులో తాడు పట్టుకుని వేలాడతాడు గాని, అత్తగారి ముందు నోరు పెగలదు. ఆమెకూ అంతే. మూడు రోజులుగా ఒకే ఇంట్లో ఇద్దరూ కూతురి చేతికే మాటలు అందిస్తున్నారు. అత్తయ్యకు మంచినీళ్ళు కావాలేమో అడుగు. అబ్బాయి తిన్నాడేమో కనుక్కో. మధ్యలో కూతురు — తపాలా బంట్రోతు.

ఆమె లేచింది. గోడ పట్టుకుని నడిచింది. పక్కగది గడప దాటింది.

చురుక్కుమంది కాలికింద.

"అయ్యో అత్తయ్యా! చూసుకో… కాదు, ఆగండి… నేనే, నేనే చూడాల్సింది…"

ఆమె అరవలేదు. వంగింది. గుచ్చుకున్నదాన్ని తీసింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తిప్పింది.

ఒకసారి. రెండోసారి.

ఎన్నేళ్ళైంది, వేళ్ళు ఇలా ఒకదాన్ని తిప్పి!

"ఎనిమిది బొడిపెలు," అంది. "రెండు వరసలు. నాలుగేసి."

అతను కదలలేదు.

"ఇంకోటి ఇవ్వండి బాబూ."

ఇచ్చాడు.

"ఇది పలుచన. పలక. బొడిపెలు రెండే." మరొకటి. "ఇది నున్నగా ఉంది, పైన ఏమీ లేవు." మరొకటి. "దీనికి పక్కన చిల్లు. ఇరుసు దూర్చడానికా?"

"అవునత్తయ్యా." అతని గొంతు మారిపోయింది. "ఇరుసుకే!"

ముప్పై ఒక్క ఏళ్ళు ఆమె అచ్చాఫీసులో కంపోజిటర్. నిలబడి చేసే పని. ఎదురుగా వాలుగా గళ్ళ పెట్టె. ఒక్కో గడిలో ఒక్కో సీసపు అక్షరం. చేతిరాత మీద కళ్ళు — గళ్ళ మీద వేళ్ళు. వేళ్ళు వాటంతటవే వెళ్ళేవి. న ఎక్కడ, ల ఎక్కడ, ఎప్పుడో గాని పిలుపు రాని ఠ ఏ మూలన… వేళ్ళకు తెలుసు. తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. గళ్ళ పెట్టెలు వెళ్ళాయి. వేళ్ళు ఒళ్ళో కూర్చున్నాయి. పద్దెనిమిదేళ్ళు.

ఇప్పుడు ఒళ్ళోంచి లేచాయి.

"ఎలా సర్దావు ఇన్నాళ్ళూ?" అని అడగబోయి సర్దుకుంది. "ఎలా సర్దారు?"

"రంగులవారీగా. తొమ్మిది రంగులు, తొమ్మిది టబ్బులు. కాలు పెట్టే చోటుండదు. ఎర్ర టబ్బులో గోరంత ఎర్ర ముక్క కావాలంటే… ఎరుపులో ఎరుపు. ఆదివారమంతా వెతుకులాటే. రెండేళ్ళైంది ఏదైనా కట్టి."

ఆమె నవ్వింది. పెద్దగా నవ్వింది. వంటింట్లోంచి కూతురు పరిగెత్తుకొచ్చింది, ఏదో పడిందనుకుని.

"అక్షరాలను సిరా రంగును బట్టి సర్దుతామా బాబూ? రంగు మీ కన్ను ఎలాగూ పట్టుకుంటుంది, దానికి గడి ఎందుకు? ఆకారానికి గడి కావాలి! రోజూ వాడేది చేతికింద. ఏడాదికోసారి వాడేది మూలన. అంతే!"

అంతే.

అల్లుడు నేల మీద కూర్చుండిపోయాడు. వ్యాన్ కోసం సగం నింపిన సంచీ పక్కకు ఒరిగింది.

ఇద్దరూ కలిసి కూతురి వైపు తిరిగారు. ఒకరు నేరుగా, ఒకరు చూపు అంచుల్లోంచి.

కూతురు నడుం మీద చేతులు పెట్టుకుంది. "నా షరతు ఒక్కటే. ఉంచుకోవాలంటే ఒక్క గోడకే సర్దాలి. మంచం నుంచి తలుపుదాకా అమ్మ చెప్పుల్లేకుండా నడవాలి. కాలికి ఒక్కటి… ఒక్కటంటే ఒక్కటి తగిలినా, మొత్తం వ్యాన్ ఎక్కుతుంది."

శనివారం తెల్లారింది.

బాల్కనీలో పాత స్టీలు రాక్ ఉంది. అరవై సొరుగులు. స్ప్రింగులు, బోల్టులు, నట్లు. అతను అవన్నీ బిస్కెట్ డబ్బాల్లోకి ఒంపేశాడు. నూనె మరకలు తుడిచాడు. మోసుకొచ్చి గోడకు ఆనించాడు. కూతురు దుకాణం నుంచి పాత అద్దాల ట్రేలు తెచ్చింది. ఒకదానిలో ఒకటి దూరే పలుచని ట్రేలు, రెండు చేతుల నిండా.

"నేను సాయం చెయ్యడం లేదు," అంది. "ఊరికే తెచ్చాను."

అరగంట తర్వాత కూతురు కూడా నేల మీదే ఉంది.

మొదట పెద్ద కుప్పలు. దళసరివి. పలకలు. నున్ననివి. గుండ్రనివి. చక్రాలూ ఇరుసులూ. తర్వాత కుప్పలోంచి చిన్న కుప్పలు. బొడిపెల లెక్క. రెండు, మూడు, నాలుగు, ఆరు. నీలం పక్కన పసుపు, పసుపు పక్కన నలుపు, ఏ రంగైనా సరే, ఆకారం ఒకటైతే ఒకే గడి.

అల్లుడు చూసి ఏరుతున్నాడు.

ఆమె తడిమి ఏరుతోంది.

ఆమె కుప్పలే ముందు పెరుగుతున్నాయి!

అతుక్కుపోయిన రెండు పలకలు అతని గోటికి లొంగలేదు, పంటికి లొంగలేదు. ఆమె బొటనవేలి అంచు ఆనించి, ఒక్క మెలి — టక్. విడిపోయాయి. అతను నోరు తెరుచుకుని చూశాడు. ఆ తెరుచుకున్న నోరు ఆమెకు కనబడలేదు గాని, నిశ్శబ్దం వినబడింది. ముఖం వెలిగిపోయింది.

మధ్యాహ్నానికి అతనికి ఒక ఆలోచన. ప్రతి సొరుగు ముందు, బయట, అందులోని ముక్కనే ఒకటి జిగురుతో అతికించాడు. చదవక్కర్లేదు. తడిమితే చాలు.

ఆమె వెళ్ళి సొరుగుల మీద చెయ్యి ఆనించింది. పైనుంచి కిందికి. ఎడమ నుంచి కుడికి. నెమ్మదిగా…

ఒక పేజీ చదివినంతసేపు.

ముక్కు ఎగబీల్చింది. అతను జిగురు ఘాటనుకుని కిటికీ తెరిచాడు.

ఆదివారం. పదకొండు. పన్నెండు. ఒంటిగంట. నేల కనబడుతోంది. ముందు మూలన, తర్వాత మంచం చుట్టూ, తర్వాత తలుపు దగ్గర — నేల! రెండేళ్ళుగా కూతురు చూడని గచ్చు. "ఈ గదికి ఇలాంటి గచ్చుందా?" అంది ఆశ్చర్యంగా.

రెండున్నరకు ఫోన్ మోగింది. లైబ్రరీ పెద్దాయన. "కాస్త ముందే బయల్దేరుతున్నా బాబూ, దారిలో ఉంటా."

అల్లుడు కంగారుపడ్డాడు. ఒక సొరుగు లాగాడు. ఎక్కువ లాగాడు.

అది జారింది. పడుతూ పడుతూ కింది మూడింటినీ వెంటేసుకుని పడింది.

గదంతా చెల్లాచెదురు. గోరంతవి, గింజంతవి. వెయ్యి. రెండు వేలు. మంచం కింద, తలుపు వెనక, ఇప్పుడే బయటపడిన నేల నిండా.

అతను మోకాళ్ళ మీద కూలబడ్డాడు. "అయిపోయింది. ఇంక కాదు. పోనివ్వండి." రెండు అరచేతులతో నేలను దేవుతూ, అన్నిటినీ కలిపి, సంచీలోకి —

"ఒరేయ్! కలపకురా!"

గది బిగుసుకుపోయింది.

అత్తగారు అల్లుణ్ణి ఒరేయ్ అంది.

కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అత్తగారు నాలుక కరచుకుంది. ముప్పై ఒక్క ఏళ్ళు వాడిన మాట అది. పేజీ జారి అక్షరాలు ఒలికిపోతే, కొత్తగా చేరిన వాళ్ళు భయంతో ఇలాగే అరచేతులతో ఊడ్చేవాళ్ళు. అప్పుడు అచ్చాఫీసు దద్దరిల్లేలా అరిచే మాట. పడ్డ చోటే ఉంచు. పడ్డ చోట సగం సర్దే ఉంటాయి…

క్షమించమని అడగాలి. ఎలా అడగాలి? చెవులు వేడెక్కాయి.

అప్పుడు అతను నవ్వాడు.

మొదట ముక్కులోంచి. తర్వాత పొట్టలోంచి. చివరికి వెనక్కి వాలి, రాక్‌కు తల కొట్టుకుని, అయినా ఆగకుండా.

"కలపను అత్తయ్యా! చెప్పు… చెప్పండి. ఎక్కణ్ణించి మొదలెట్టమంటారు?"

"గుంపుగా ఎక్కడ పడ్డాయో అక్కడ. అవి ఒక్క సొరుగువే. ముందు వాటిని ఎత్తు." ఎత్తండి అనలేదు. మళ్ళీ ఎప్పుడూ అనలేదు. "ఏమే, నువ్వు మంచం కిందికి దూరు!"

కూతురు దూరింది.

మూడు జతల చేతులు. గలగల లేదిప్పుడు. టిక్, టిక్, టిక్… ఒక్కోటి ఒక్కో గడిలోకి. మాట్లాడే తీరిక లేదు. ఆమె వేళ్ళు నేల మీద పరిగెడుతున్నాయి. డెబ్బై రెండేళ్ళ వేళ్ళు, ఎవరో తరుముతున్నట్టు!

మూడూ యాభైకి తలుపు చప్పుడైంది.

ఇంకా ఒక ట్రే నిండా ఏరనివి మిగిలే ఉన్నాయి. కూతురు ఆ ట్రేని రాక్ మీద పెట్టింది. చివరి సొరుగు మూసింది. పక్కకు తప్పుకుంది.

"నడువమ్మా."

ఆమె మంచం మీద కూర్చుని, మళ్ళీ దిగింది. చెప్పుల్లేవు.

ఒక అడుగు. చల్లని గచ్చు. ఇంకో అడుగు. అల్లుడు ఊపిరి పీల్చడం మానేశాడు. ఇంకో అడుగు… ఇంకోటి… అరికాలితో నేలంతా చదువుతున్నట్టు…

చెయ్యి తలుపుకు తగిలింది.

"ఏమీ తగల్లేదు," అంది.

అల్లుడు పెట్టిన కేకకు గుమ్మంలో ఉన్న పెద్దాయన ఉలిక్కిపడ్డాడు.

పెద్దాయనను ఉత్తచేతులతో పంపలేదు. ఎనిమిది బొడిపెల ఇటుకలు లెక్కకు మించి ఉన్నాయి. రెండు టబ్బుల నిండా ఇచ్చారు. ఆయన వెంటనే అందుకోలేదు. అరవై సొరుగుల ముందు నిలబడిపోయాడు. ఒకటి లాగి చూశాడు. మూశాడు. ఇంకొకటి.

"ఎవరు చేశారండీ ఇది?"

ఇద్దరూ ఆమె వైపు చూపించారు.

"అమ్మా… మా దగ్గర మూడు డ్రమ్ములున్నాయి. కలగాపులగం. పిల్లలు చెయ్యి పెట్టి విసిగి వెళ్ళిపోతారు. మీరు ఒక్కసారి…"

"కళ్ళు సరిగా ఆనవు నాయనా."

"కనబడుతోంది కదమ్మా, ఎలా ఆనవో!"

ఆమె కుర్చీలో కూర్చుంది. ఒళ్ళో వేళ్ళు కదిలాయి. మూడు డ్రమ్ములు ఎంత లోతుంటాయో కొలుస్తున్నట్టు.

పెద్దాయన టబ్బులతో మెట్లు దిగిపోయాడు. సాయంత్రపు ఎండ గదిలోకి వచ్చి, ఖాళీ నేల మీద ఎక్కడ పరుచుకోవాలో తెలియక, అంతటా పరుచుకుంది.

అల్లుడు నేల మధ్యలో కూర్చున్నాడు. ఆమె రాక్ పక్కన, కుర్చీలో.

"రెండు నాలుగులది అత్తయ్యా."

చెయ్యి వెళ్ళింది. సొరుగు తెరుచుకుంది. "ఇదిగో."

టక్.

"పలుచనిది. ఆరు."

"ఇదిగో."

టక్.

"చిల్లున్నది… కాదు కాదు, నున్ననిది. రెండు!"

"నిదానంరా, పారిపోవు ఎక్కడికీ. ఇదిగో."

టక్. టక్.

ఏదో లేస్తోంది నేల మీంచి. ఆమె చూపు అంచున, ఎండలో, రంగులు కలిసిపోయిన ఏదో. గోడా? గోపురమా? ఓడా?

"ఏం కడుతున్నావు?"

అతను తలెత్తలేదు.

"ఇంకా తెలీదత్తయ్యా… ఇంకోటి ఇవ్వండి!"