మూత తీయని గిన్నె

పొద్దున్నుంచీ చేప ముక్కలకి పిండి అద్ది, గుడ్డు సొనలో ముంచి వేయిస్తూనే ఉన్నాను. ఆ రోజు మా అత్తగారి తద్దినం. ముప్పై ఒక్క తద్దినాలకి నేనే వండాను, ఒక్కసారీ తద్దినం పెట్టే గదిలో అడుగు పెట్టలేదు. కొరియాలోని ఈ యోంగ్జులో మా ఇంటి పద్ధతి అది. ఆడవాళ్ళు వండాలి, మగవాళ్ళు వడ్డించి దండం పెట్టాలి. అత్తగారి రోజైనా పోయిన మామగారికీ పక్కనే ఒక గిన్నె పెడతారు. మా ఆయన ఉన్నన్నాళ్ళూ, "నువ్వు ఈ ఇంట పుట్టినదానివి కాదు కదే, నిన్ను చూస్తే మా అమ్మ ముద్ద ముట్టదు" అనేవాడు, నవ్వుతూనే. మరి ఈ ఇంటి గిన్నెలు నేనెందుకు తోముతున్నానో అడగాలని ఉండేది. చేతుల నిండా పిండి, ఇక మాటకి చోటెక్కడ?

దండాలయ్యాక తలుపు మూసి అందరూ బయటికి రావాలి. పోయినవాళ్ళు తొమ్మిది ముద్దలు తినేంతసేపు ఆగి, దగ్గి, అప్పుడు తలుపు తీస్తారు. ఆ కాసేపే నాకు భయం. మూసిన గదిలోంచి ఏటేటా చెంచా చప్పుడు వినిపించేది, కంచు మూత మీద. టక్, టక్, టక్. బతికుండగా అత్తగారు నన్ను పిలిచింది అలాగే, పేరు పెట్టి కాదు. చారు చల్లారినా టక్, పచ్చడి పులిసినా టక్. మా ఆయనకి చెబితే, "చలికి కలప బిగుసుకుంటోందే పిచ్చిదానా" అన్నాడు. మళ్ళీ ఎవరికీ చెప్పలేదు.

ఈసారి మా పెద్దబ్బాయి గ్యుహ్వాన్ వస్తూనే, "అమ్మా, నీకింక ఓపిక లేదు. ఈ వంటంతా దాసోమ్‌కి అప్పజెప్పెయ్" అన్నాడు. దాసోమ్ వాడి కూతురు. పంతొమ్మిదేళ్ళు, నేను కోడలిగా వచ్చిన వయసే. వంటతో పాటు ఆ చప్పుడు కూడా దానికి అంటుకుంటే? పిల్ల అదేమీ ఎరగదు. రాగానే గడప దగ్గర అందరి చెప్పులూ బయటివైపుకి తిప్పి పెట్టింది, అరిగిన నావాటితో సహా. పళ్ళబుట్ట దింపిన డ్రైవరుకి రెండు చేతులతో నీళ్ళిచ్చి, "కూర్చుని తాగండి బాబాయ్" అంది. నేను పొయ్యి దగ్గర నిలబడితే పీట తెచ్చి నా వెనక వేసింది.

చీకటి పడుతుండగా తలుపు మూశారు. గ్యుహ్వాన్, వాడి తమ్ముడు వసారాలో మోకాళ్ళ మీద కూర్చున్నారు. మేమిద్దరం వంటింటి గుమ్మంలో.

టక్, టక్, టక్.

దాసోమ్ తలెత్తింది. "నానమ్మా, ఎవరో పిలుస్తున్నారు."

అంటుకుంది దీనికి కూడా. "వస్తున్నా అత్తమ్మా" అంటూ నాకు తెలియకుండానే లేవబోయాను.

"నువ్వు కూర్చో. మోకాళ్ళు నొప్పన్నావుగా. నేను వెళ్ళొస్తా."

"ఏయ్, ఎక్కడికే?" గ్యుహ్వాన్ గొంతు తగ్గించి గదిమాడు.

"పిలిచినావిడ ఎదురుచూస్తూ ఉంటుంది కదా నాన్నా." మెల్లగా దగ్గి, వంగి, తలుపు తీసింది.

"తాతమ్మా, నేను దాసోమ్‌ని. మీకేం కావాలి?" ఎదురుగా మనిషి ఉన్నట్టే అడిగింది. గాలి లేదు, అయినా కొవ్వొత్తులు రెండూ దానివైపే వాలాయి. కాసేపటికి, "నాన్నా, ముత్తాత అన్నంలో తినమని చెంచా గుచ్చారు. తాతమ్మ గిన్నె మూతే తీయలేదేంటి?" అంది.

"మా నాన్న ఎప్పుడూ ముత్తాతది ఒక్కటే తీసేవాడే..."

"ఇవాళ ఆవిడ రోజు కదా!"

ముప్పై ఒక్క ఏళ్ళు. నన్ను తప్పు పడుతోందనుకున్నాను, ఆకలితో ఉందనుకోలేదు. బతికుండగానూ మామగారు తిని లేచాకే ఆవిడ మూత తీసేది. అప్పటికి చారు చల్లారేది. ఆ కోపం నా మీద దించేది.

లోపల మూత తీసిన సవ్వడి. "ఆలస్యమైంది, ఏమీ అనుకోకండి తాతమ్మా. నిదానంగా తినండి." తలుపు వేసి వచ్చి నా పక్కన కూర్చుంది. గదిలోంచి ముల్లంగి ముక్క పంటి కింద నలిగినంత చిన్న చప్పుడు. నాకూ వినిపించింది, దానికీ వినిపించింది. ఇద్దరం భయపడలేదు.

"నువ్వు తిన్నావా నానమ్మా?"

మా ఊళ్ళో ఆ మాట ఎవరు ఎవర్నయినా అడుగుతారు, తిన్నాననడం మర్యాద. ఈ ఇంటికొచ్చిన యాభై మూడేళ్ళుగా తిన్నాననే చెప్పాను. తొమ్మిది ముద్దల సేపు అయినట్టుంది, గ్యుహ్వాన్ దగ్గి లేచాడు. "అమ్మా, అయిపోయింది. మాకు అన్నాలు పెట్టు."

నేను లేవలేదు.

"తినలేదే" అన్నాను దాసోమ్‌తో. "నువ్వూ తినలేదుగా. మనిద్దరం తిందాం రా. వాళ్ళకి చేతులున్నాయి."