రెండు తాళాల షెడ్డు

ఈ దేశంలో మా దేశపు కంపెనీ రైలుమార్గం వేసింది. వేశాక ఇక్కడి ప్రభుత్వం "అది మాది" అంది, మా ప్రభుత్వం "కాదు, మాదే" అంది. ఆబోతులు పోట్లాడుకుంటే లేగల కాళ్ళు విరుగుతాయంటారు. ఆ లేగను నేనే, కంపెనీ ఇంజన్ మెకానిక్‌ని. ఇంజన్ల షెడ్డుకు రెండు తాళాలు వేశారు. ఒక తాళంచెవి నాకు, రెండోది ఇక్కడి ప్రభుత్వం పెట్టిన కాపలాదారుకు.

"తగువు తేలేదాకా కదలొద్దు. నువ్వు కదిలితే షెడ్డు మనం వదిలేసుకున్నట్టే," అని మా రాయబార కార్యాలయం అధికారి ఫోన్లో చెప్పాడు. ఆయనకేం, చల్లటి గదిలో కూర్చుని ఎన్నయినా చెబుతాడు.

రెండేళ్ళు గడిచాయి. లోపల కదలని ఇంజన్లు, బయట తుప్పు పట్టిన పట్టాలు, పక్కగదిలో నా మంచం. ఒక్కోరోజు నా గొంతు నాకే కొత్తగా వినిపించేది.

ఆ కాపలాదారు ఒంటరివాడు, భార్య పోయిన మనిషి. నాకంటే పెద్దవాడు, అన్నా అనేవాణ్ణి. మొదట్లో ఎడమొహం పెడమొహంగా ఉన్నాం, తర్వాత ఒకే పొయ్యి మీద వండుకున్నాం. పేకాటలో ఓడితే అలిగి అన్నం మానేసేవాడు.

నా కోసం చెల్లెలి పెళ్ళి రెండుసార్లు వాయిదా వేశారు. "ఇంక మగపెళ్ళివాళ్ళు ఆగరన్నయ్యా. నాన్న లేరు, నువ్వూ లేకపోతే నా పక్కన ఎవరు నిలబడతారు?" అని ఫోన్లో ఏడ్చింది. పెళ్ళి రెండు నెలలుందనగానే అధికారిని బతిమాలాను. "చూద్దాం," అన్నాడు. పెళ్ళి అయిపోయేదాకా చూస్తూనే ఉన్నాడు. ఆ రోజు ఇంజన్ మెట్టు మీద కూర్చుని నేను ఏడుస్తుంటే, అన్న వీపు నిమురుతూ పక్కనే ఉన్నాడు.

వారం తర్వాత ఇంజన్లు తీసుకుపోవడానికి కూలీలతో లారీ వచ్చింది. మేస్త్రీ నన్ను చూసి తెల్లబోయాడు.

"నువ్వింకా ఇక్కడే ఉన్నావేంటయ్యా? మీవాళ్ళు ఈ లైను మాకొదిలేసి రాజీపడి నెల దాటింది. కాపలా ఆయనకి అప్పుడే చెప్పాంగా!"

అధికారికి ఫోన్ చేశాను. "అరె, నీకెవరూ చెప్పలేదా?" అన్నాడు.

ఒళ్ళు మండిపోయింది. వెళ్ళి అన్న చొక్కా పట్టుకున్నాను.

"తెలిసీ ఎందుకు చెప్పలేదు? నా చెల్లెలి పెళ్ళి అన్నా అది!"

అతను విడిపించుకోలేదు. "చెబితే వెళ్ళిపోతావుగా తమ్ముడూ," అన్నాడు, తల దించుకుని.

చొక్కా వదిలేశాను. క్షమించానని కాదు, ఈ జన్మలో క్షమించను. కానీ మావాళ్ళు నేనున్నానన్న సంగతే మరిచిపోయిన చోట, నేను పోతే ఎలాగా అని భయపడ్డది ఆ మనిషొక్కడే.

సాయంత్రం ఆ లారీలోనే బయల్దేరాను. అతను తలుపు దగ్గర నిలబడ్డాడని తెలుసు. వెనక్కి తిరగలేదు. తిరిగితే దిగి కొడతానో, కావలించుకుని ఏడుస్తానో నాకే తెలియలేదు.