అల్లుడి ఆకుపచ్చ మూట

దగ్గరికి జరుగు తల్లీ, ఆ చాట పక్కన పెట్టు. గట్టిగా చెప్పే సంగతి కాదిది, లోపలున్నవాళ్ళు వింటారు.

తవిటమ్మ కూతురు ఈశ్వరికి మోచేతి మడతలో ఒక తలుపుంది. సోమవారం నుంచీ అది ఓరగా తీసే ఉంటోంది. మలేరియా పరీక్షకొచ్చిన ఆశా వర్కరు గాజుపలక మీద రక్తం చుక్క చూసి, "లోపల ఎవడో దిగాడు పిన్నీ. మూడోనాటికోసారి నెత్తురు గదులు పగలగొడతాడు. ఈసారి పగిలితే పిల్ల దక్కదు," అని చెప్పి పక్కింటికి వెళ్తుంది.

రేపే ఆ మూడోనాడు.

తవిటమ్మ చెప్పులు విడిచి, తల వంచి ఆ మోచేతి తలుపులోంచి లోపలికెళ్తుంది. అన్నీ ఎర్రటి గుండ్రటి గదులు. మొదటి గదిలోనే ఒకాయన పీట మీద కూర్చుని గోడ గిల్లుకు తింటున్నాడు. ఒళ్ళో ఆకుపచ్చ మూట.

"ఎవరి తాలూకా నాయనా?"

"చుట్టాన్నే అత్తా."

"ఏ వైపు చుట్టం? ఇంటిపేరు చెప్పు."

ఆయన నమలడం ఆపేస్తాడు. ఇంటిపేరు తెలీనివాడికి తవిటమ్మ మంచినీళ్ళు కూడా ఇవ్వదు. ఆవిడ కళ్ళు మూటమీదే ఉన్నాయి.

"ఇంటిపేరు దారిలో ఎక్కడో జారిపోయింది," అంటాడు. "మాది సముద్రం. మా ముత్తాతలు నాచువాళ్ళు. ఎండతో వండుకునేవారు, ఒకరి గోడ ముట్టేవారు కాదు. ఈ మూట వాళ్ళ పొయ్యి."

"ఇంకా వెలుగుతుందా?"

"వెలగదు. కానీ ఇది లేకపోతే నాకు పిల్లలు నిలవరు. వాళ్ళు పెరిగితేనే గదులు పగిలేది."

తవిటమ్మ వేళ్ళు మడిచి వరసలు కలుపుతుంది. తాతలు, వాళ్ళ తాతలు, ఇంకా అవతల చేపలు, ఆ అవతల ఒకటే నీటిచుక్క. ఖర్మ, నిజంగా చుట్టమే! వరసకి అల్లుడు. అల్లుణ్ణి గెంటడం ఆవిడకి చేతకాదు.

"ఎంత మాసిపోయిందయ్యా మూట! ఇలా ఇయ్యి, ఉతికి ఆరేస్తాను."

అత్త అడిగాక అల్లుడు కాదనలేడు.

మూట పెరట్లో దండెం మీద ఆరుతోంది. మర్నాడు మధ్యాహ్నం గదులు పగలవు. జ్వరం దిగి ఈశ్వరి ఒళ్ళు చల్లబడుతుంది. మోచేతి లోపల్నుంచి మాత్రం పిలుపు.

"అత్తా, ఆరిందా?"

"ఇంకా తడే నాయనా."

మూడు రోజులకి పిలుపు ఆగిపోతుంది, తలుపు మూసుకుంటుంది. తవిటమ్మ పెరట్లోకి వెళ్తే దండెం ఖాళీ. దాని కింద సముద్రం. ఒడ్డున ఈశ్వరి కూర్చుని ఎండని ముద్దలు చేసుకుని తింటోంది. వేళ్ళ కొసలు ఆకుపచ్చగా ఉన్నాయి.

తవిటమ్మ రెండడుగుల దూరంలోనే ఆగుతుంది.

"మన ఇంటిపేరేంటే?"

ఈశ్వరి నమలడం ఆపేస్తుంది.

మర్చిపోకు తల్లీ. రేపు నీ పిల్లలకీ ఇలాగే చెప్పు, ఎక్కడా తగ్గించకు. ఇంటిపేరు అడిగే చోటికొచ్చినప్పుడు మాత్రం వాళ్ళ నోళ్ళకేసి చూడు.