ఇరవైమూడో నంబరు బొమ్మ

పెద్ద డాక్టరూ చిన్న డాక్టరమ్మా ఎడ్డెమంటే తెడ్డెమనే మనుషులు. స్కానింగు గదిలో ఒకే గొంతు గడ్డని చూసి ఆయన భయం లేదని రాస్తే, ఆమె అనుమానంగా ఉందని రాసేది. ఎవరి మాట నమ్మాలో తెలియక జనం రిపోర్టు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయేవాళ్ళు.

ఈ గొడవ తీరడానికే కొత్త ఫారం వచ్చింది. గడ్డ గట్టిదా, నీటిదా? ఎంత నల్లగా ఉంది? అడ్డంగా పెరిగిందా, నిలువుగానా? అంచు ఎలా ఉంది? లోపల తెల్లని చుక్కలున్నాయా? గడికిన్ని మార్కులు. సెంటీమీటరు దాటిన గడ్డకి ఏడు వస్తే సూది పెట్టి పరీక్ష చేయాలి.

ఫారం పనికొస్తుందో లేదో తేల్చడానికి నలభై పాత స్కానింగు బొమ్మలు తీశారు. పేర్లు చెరిపి నంబర్లు వేసింది అక్కడి టైపిస్టే. డాక్టర్లిద్దరూ విడివిడిగా మార్కులు వేయాలి. రెండూ కలిస్తే ఫారం నెగ్గినట్టు.

ఇరవైమూడో నంబరు దగ్గర మాత్రం కలవకూడదని టైపిస్టు కోరుకుంటోంది. అది ఆమె చెల్లెలి గొంతు. ఎనిమిది నెలల క్రితం తనే బలవంతాన లాక్కొచ్చింది. పెద్ద డాక్టరు భయం లేదని ఒక్క ముక్కలో తేల్చేస్తే తనే టైపు చేసి, తనే ఎగురుకుంటూ వెళ్ళి చెప్పింది. నిన్న డాక్టరమ్మ ఆ బొమ్మకి ఏడు వేసింది. అన్నయ్యనీ అమ్మనీ ఈ ఆసుపత్రి వెనక గుమ్మంలోంచే సాగనంపిన మనిషికి నిన్నటినుంచి ముద్ద దిగలేదు. పెద్ద డాక్టరు ఒక్క గడిలో తగ్గిస్తే చాలు.

"తర్వాతది పెట్టమ్మా," అన్నాడాయన. "ముప్పై ఏళ్ళ అనుభవాన్ని ఐదు గళ్ళలో కుక్కమంటున్నారు, ఏనుగుని చేతిసంచిలో కుక్కినట్టు!"

ఆమె ఇరవైమూడు పెట్టింది.

"గట్టిది, రెండు. నలుపు, రెండు. నిలువు, మూడు."

టైపిస్టు రాయడం ఆపేసింది. "సరిగ్గా చూడండి సార్. అడ్డంగా లేదూ?"

"డాక్టరీ ఎప్పుడు చదివావమ్మా, నాకు తెలియకుండా?" నవ్వుతూనే ఆయన తెరమీద గీతలు పెట్టి కొలిచాడు. "ఎత్తు పన్నెండు మిల్లీమీటర్లు, వెడల్పు తొమ్మిది. నిలువే. అంచు నున్నగా ఉంది, చుక్కల్లేవు. ఎంతైంది?"

"ఏడు సార్."

"ఆవిడెంత వేసింది?"

"ఏడే."

"ఓహో! ఇన్నాళ్ళకి కలిశామన్నమాట! ఇంతకీ దీనికి నేనప్పుడేం రాశాను?"

"చిన్న గడ్డ, భయం లేదు."

"జాబితా చూడకుండానే చెప్పేశావే!"

"మా చెల్లెలు సార్."

ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు.

"అప్పుడు నేను కొలవలేదమ్మా," అన్నాడు. "చూస్తే తెలిసిపోతుందనుకున్నాను. ఏడంటే కేన్సరని కాదు, సూది పెట్టి చూడాలని. రేపే రమ్మను. నేను చెప్పనా?"

"వద్దు సార్. అప్పుడు చెప్పింది నేనేగా."

వరండాలో గోడవైపు తిరిగి ఫోను చేసింది.

"ఏంటక్కా, పనివేళలో? మీ పెద్దాయన దులిపేశాడా?"

"రేపు తొమ్మిదింటికి ఆసుపత్రికి రావాలే. గొంతుకి సూది పెట్టి చూస్తారట."

అవతల గిన్నెలు కడుగుతున్న చప్పుడు ఆగిపోయింది.

"భయం లేదన్నావుగా."

"అన్నాను."

"మరి?"

"సరిగ్గా చూడలేదట. ఇవాళ కొలిచారు."

చెల్లెలు తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది అక్కకి. చెల్లెలు అడిగింది మాత్రం: "ఏమీ తినకుండా రావాలా?"

"తినే రా."

"నువ్వు లోపలికొస్తావా?"

"రానిస్తే వస్తాను. రానివ్వకపోతే తలుపు దగ్గరే ఉంటాను."

అవతల గిన్నెల చప్పుడు మళ్ళీ మొదలైంది. ఇద్దరిలో ఎవరూ ఫోను పెట్టేయలేదు.