ఉప్పెన నాటి నిప్పు

మరిడమ్మకు కోపం వస్తే గుల్లలమెరకలో కుక్కలు కూడా పక్క వీధిలోంచి పోతాయని ఆడవాళ్ళు చెప్పుకుని నవ్వుకునేవారు. కాలవకి కొలతలు వేసిన ఏడు, ఉప్పెన తిథి నాడు మాత్రం ఎవరూ నవ్వలేదు.

గుల్లలమెరక అంతర్వేదికి కాస్త ఎగువన, వశిష్ఠ గోదావరి పాయ పక్కన ఉన్న చిన్న ఊరు. ఒకవైపు వరిచేలు, కొబ్బరితోటలు, వాటి ఆసాముల ఇళ్ళు. ఇంకోవైపు ఏటి ఒడ్డున ఎత్తయిన దిబ్బ, దాని మీద చేపలు పట్టేవాళ్ళ పాకలు. ఆ ఊరికి రాజులు లేరు, యుద్ధాలు లేవు. చరిత్రంటూ ఉన్నది ఒక్కటే, అది ఉప్పెన.

సముద్రం లేచి ఊరి మీద పడినప్పుడు దిబ్బ ఒక్కటే మునగలేదు. మరిడమ్మ మొగుడు సత్తియ్య నావ వేసుకుని వెళ్ళి, చూరు పట్టుకుని వేలాడేవాళ్ళనీ చెట్టెక్కినవాళ్ళనీ కులం అడక్కుండా తెచ్చి దిబ్బ మీద దింపాడు. పెద్దాసామి భార్య మహాలక్ష్మమ్మనీ, ఆవిడ పసివాడు బుల్లబ్బాయినీ అలాగే తెచ్చాడు. పెద్దాసామి ఇంకా ఇంటి కప్పు మీదే ఉన్నాడని ఆవిడ ఏడిస్తే మళ్ళీ వెళ్ళాడు. ఆ నావ తిరిగి రాలేదు. సత్తియ్యా రాలేదు, పెద్దాసామీ రాలేదు.

నీళ్ళు తీసేదాకా ఊరంతా మరిడమ్మ పొయ్యి చుట్టూ బతికింది. అందరికీ కలిపి మిగిలిన నిప్పు ఆమె కుండలోది. వాన కురుస్తుంటే ఆ కుండను పొట్ట కింద దాచుకుని, ఒళ్ళు కాలుతున్నా కదలకుండా కాపాడింది. తడిసిన బియ్యమూ ఎండుచేపలూ వండి అందరికీ పెట్టింది. ముల్లు గుచ్చుకుంటుందని ఏడ్చిన బుల్లబ్బాయిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ముల్లు ఏరి తినిపించింది. తన మొగుడు ఇక రాడని అప్పటికే ఆమెకు తెలుసు.

నీళ్ళు తీశాక ఊళ్ళో ప్రతి పొయ్యీ ఆ నిప్పుతోనే వెలిగింది. అప్పట్నుంచీ ఏటా ఉప్పెన నాడు పొద్దున్నే ఆడవాళ్ళు ఇళ్ళలో పొయ్యిలు ఆర్పేసి, కొబ్బరికాయ ఒలిచిన పీచు డొక్కలు పట్టుకుని దిబ్బ ఎక్కి, మరిడమ్మ పొయ్యిలో అంటించుకుని వెళ్తారు. అది ఆడవాళ్ళ ఆనవాయితీ. మగవాళ్ళు పట్టించుకునేవారు కారు. వేళకి కంచంలోకి అన్నం వచ్చేవాళ్ళకి పొయ్యి ఎలా వెలిగితే ఏం?

నిప్పు తెచ్చుకున్నామని అందరూ ఒప్పుకునేవారు. కూడు తిన్నామని మాత్రం ఆసాముల ఇళ్ళలో ఎవరూ అనేవారు కాదు. చేపలు పట్టేవాళ్ళ కుండలో కూడు తిన్నామంటే కులంలో తలెత్తుకోలేరు. మరిడమ్మ కూడా ఎన్నడూ ఎత్తిపొడవలేదు. పెట్టిన కూడు చాటుకోవడం ఆమెకు సిగ్గు.

ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టాక కోనసీమలో కాలవలు తవ్వడం మొదలైంది. గుల్లలమెరకకీ కాలవ వస్తోందన్నారు. సరుకు దాచే కొట్టు, దొరలు దిగే బంగళా కట్టడానికి మునగని చోటు కావాలని కొలతలు వేసే ఆమీను వచ్చాడు. ఊళ్ళో మునగని చోట్లు రెండే. ఒకటి దిబ్బ. రెండోది బుల్లబ్బాయి కళ్ళం. కిందటి ఏళ్ళలో కూలీలచేత మట్టి పోయించి, ఎత్తు చేయించి, ధాన్యం గాదెలు కట్టుకున్న చోటు.

బుల్లబ్బాయి ఇప్పుడు పసివాడు కాదు, పెద్దాసామి. ఆమీనును నేరుగా దిబ్బ మీదికి తీసుకొచ్చాడు. చూడ్డానికి ఊరంతా వెంట వచ్చింది.

“ఇక్కడే కట్టించండి. ఇది మా నాన్నగారి దిబ్బండి. ఉప్పెనలో వీళ్ళని కాపాడబోయి ఆయన ఏట్లో పోయేరండి. దిక్కులేనివాళ్ళని జాలిపడి ఉండనిచ్చేం.”

వల బాగుచేసుకుంటున్న మరిడమ్మ చేతులు ఆగిపోయాయి.

“ఎవరు ఎవర్ని కాపాడబోయేరండీ, బాబుగారూ?”

“నీకు తెలీదులే, ఊరుకో.”

“నాకు తెలీదాండీ? నా మొగుడు ఎందుకు పోయేడో నాకు తెలీదాండీ?”

ఆమీను మంచివాడే. “కాపురాలున్న చోటు లాక్కోమని నాకు ఎవరూ చెప్పలేదు. ఇది వీళ్ళదే అయితే వేరే చోటు చూసుకుంటాను. ఊళ్ళో పెద్దవాళ్ళు ఎవరైనా చెప్పండి,” అన్నాడు.

ఎవరు చెబుతారు? సగంమంది బుల్లబ్బాయి చేలు చేసుకునేవాళ్ళు. మరిడమ్మ చూపు తిన్నగా మహాలక్ష్మమ్మ మీదికి పోయింది. ఆవిడ కోడలి పక్కన, కొబ్బరిచెట్ల నీడన నిలబడి ఉంది. ప్రతి మాటా విన్నది. విని, పైట తలమీదికి లాక్కుని, ఏటివైపు తిరిగింది.

మరిడమ్మకు కాళ్ళ దగ్గర్నుంచి నెత్తిదాకా మంటెత్తింది. బుల్లబ్బాయి సంగతి సరే, అప్పుడు పసివాడు, మరిచిపోయాడనుకోవచ్చు. ఈవిడకేం వచ్చింది? ఒకే కప్పు కింద, ఒకే కుండ ముందు, ఇద్దరూ మొగుళ్ళని పోగొట్టుకుని పక్కపక్కన కూర్చుని ఏడ్చినవాళ్ళు కదా.

ఎవరూ కాదనకపోయేసరికి ఆమీను మనుషులు దిబ్బ మీద కొలతల జెండాలు పాతారు. రేపటికల్లా దిబ్బ ఖాళీ చెయ్యాలని బుల్లబ్బాయి చెప్పేసి వెళ్ళిపోయాడు. ఆ రేపు ఉప్పెన నాడన్న సంగతి అతనికి తట్టనేలేదు. మగవాళ్ళలో ఎవరికీ తట్టలేదు.

తెల్లారింది. ఎప్పటిలాగే ఊళ్ళో ఆడవాళ్ళంతా పొయ్యిలు ఆర్పి, నీళ్ళు చల్లి, అలికి, డొక్కలు పట్టుకుని బయల్దేరారు. దిబ్బ మీదికి వచ్చి చూస్తే మరిడమ్మ పొయ్యి చల్లగా ఉంది. బూడిద కూడా ఎత్తేసి ఉంది. తట్టలూ వలలూ సర్దుకుని దిబ్బవాళ్ళు ఒడ్డున కూర్చున్నారు. మరిడమ్మ పాయ మధ్యలో నావలో ఉంది, నిప్పుల కుండ ఒళ్ళో పెట్టుకుని. కొడుకు గంగయ్య గెడ పట్టుకుని నావను నిలిపి ఉంచాడు.

“నిప్పేదీ, మరిడమ్మా?” అని బుల్లబ్బాయి భార్య ఆదిలక్ష్మి ఒడ్డు నుంచి కేకేసింది.

“నా దగ్గరుందమ్మా.”

“పొయ్యిలు ఆర్పేసేం కదా. పిల్లలు ఆకలంటున్నారు.”

“నా పొయ్యి నిన్ననే ఆర్పేరమ్మా, మీ ఆయనగారు. మీరంతా నిలబడి చూసేరు. ఒక్కరికీ నోరు పెగల్లేదు. ఇవాళ ఆకలేసేసరికి పెగిలిందా?”

ఈలోగా బుల్లబ్బాయీ ఆమీనూ వచ్చారు. సంగతి విని బుల్లబ్బాయి విసుక్కున్నాడు. పాలేరుచేత చెకుముకి కొట్టించాడు. పీచు అంటుకుంది, పొగ లేచింది.

“ఇదిగో నిప్పు. పట్టుకెళ్ళి వంటలు చూడండి.”

ఒక్క డొక్కా ముందుకు రాలేదు.

“ఆ నిప్పు నా పొయ్యిలోకి రాదండి,” అంది ఆదిలక్ష్మి మొగుడితో. “ఉప్పెన నాడు దిబ్బ నిప్పే వెలగాలి. నేను కాపరానికొచ్చిన నాడు అత్తయ్యగారు చెప్పిన మొదటి మాట అది.”

“దిబ్బ నిప్పేమిటి?” అన్నాడు ఆమీను.

“ఆడవాళ్ళ చాదస్తమండి,” అన్నాడు బుల్లబ్బాయి, గబగబా.

ఆ మాటకి వెనకనుంచి మహాలక్ష్మమ్మ వచ్చింది. చూపు సరిగా ఆనక, కోడలి భుజం పట్టుకుని ఒడ్డున నిలబడింది.

“మరిడీ, ఒడ్డుకి రా.”

“ఆయ్, వస్తానండి అమ్మగారూ. ఒక్క మాట చెప్పండి, వచ్చేస్తాను. నా మొగుడు ఎవరి కోసం పోయేడండి?”

మహాలక్ష్మమ్మ చెయ్యి పైటచెంగు మీదికి పోయింది.

“నిన్న మీరు పైట సర్దుకున్నారు. చూసేనండి,” అంది మరిడమ్మ. “మీ అబ్బాయి నా దిబ్బ తీసుకున్నాడు, పోనీ, ఇంకో ఒడ్డున పాక వేసుకుంటాను. నా మొగుడి చావు కూడా తీసుకుని మీ ఆయనగారికి కట్టబెట్టేడండి. మీరు ఇచ్చేసేరు. మీ కోసం పోయినవాణ్ణి మీ జాలి మీద బతికినవాడిలా చేసేరు. ఇలాంటి ఊరికోసమా నేను ఈ కుండ కింద ఒళ్ళు కాల్చుకున్నది?”

లేచి నిలబడి కుండను నీళ్ళ మీదికి ఒంచింది. రెండు నిప్పుకణికలు జారి ఏట్లో పడి చుయ్యిమన్నాయి. ఒడ్డున ఆడవాళ్ళు ఘొల్లుమన్నారు.

“ఆగవే,” అంది మహాలక్ష్మమ్మ. “చెబుతాను.”

ఆమీను వైపు తిరిగింది. “దిబ్బ మాది కాదండి. ఎప్పుడూ కాదు. సత్తియ్య నన్నూ నా బిడ్డనీ తెచ్చి ఇక్కడ దింపేడు. నేను కాళ్ళు పట్టుకుంటే మా ఆయన కోసం మళ్ళీ వెళ్ళి పోయేడు. నేను పంపితే పోయేడండి. నిన్న చెప్పలేకపోయేను.”

బుల్లబ్బాయి మొహం మాడిపోయింది. అయినా తగ్గలేదు. “అమ్మకి వయసు మీద పడిందండి. మతి నిలకడగా ఉండటం లేదు. ఏదో అంటుంది, పట్టించుకోకండి.”

మహాలక్ష్మమ్మ కొడుకు గొంతు వినబడిన వైపు ఒకసారి తిరిగింది. కోడలి భుజం వదిలేసి, తడుముకుంటూ తనే దిబ్బ ఎక్కింది. మరిడమ్మ పొయ్యి ముందు, ఉత్త నేల మీద చతికిలబడింది.

“మరిడీ, నిప్పు తెచ్చి పొయ్యి వెలిగించు. కూడు వండి నాకు పెట్టు.”

పెద్దాసామి తల్లి, పట్టపగలు, ఊరందరి ముందు, చేపలు పట్టేవాళ్ళ కూడు అడిగింది.

“అమ్మా, లే,” అన్నాడు బుల్లబ్బాయి పళ్ళ బిగువున. “అది తింటే నిన్ను ఇంట్లోకి ఎలా రానిస్తాను?”

“అప్పుడు తిన్నదాన్ని ఇన్నాళ్ళూ రానిచ్చేవు కదరా. నువ్వూ తిన్నావు. నిన్నెవరు రానిచ్చేరు? మతి లేని ముసలిదాన్నన్నావు కదా, ఇంక నాకు భయమేంటి? నన్ను దింపి కట్టుకోండి మీ బంగళా.”

గంగయ్య గెడ వేశాడు. నావ ఒడ్డుకొచ్చింది. మరిడమ్మ ఎవరి మొహమూ చూడకుండా దిబ్బ ఎక్కి పొయ్యి వెలిగించింది. అన్నం ఉడికేదాకా ఆడవాళ్ళెవరూ కదల్లేదు, డొక్కలు పట్టుకుని అక్కడే కూర్చున్నారు. ఆమీను కాసేపు చూసి, బుల్లబ్బాయిని అడిగాడు.

“మునగని చోటు ఇంకొకటుందన్నారే. అది మీ కళ్ళమేనా?”

ఆమీను మనుషులు దిబ్బ మీద పాతిన జెండాలు పీక్కుని, భుజాన వేసుకుని కళ్ళం వైపు నడిచారు.

మరిడమ్మ ఆకు వేసి అన్నమూ చేపల పులుసూ వడ్డించింది. కోపం తీరలేదు. నిన్న ఆవిడ లాక్కున్న పైట ఇంకా కళ్ళలోనే ఉంది, ఎప్పటికీ ఉంటుంది. కానీ ముసలావిడకి కళ్ళు సరిగా కనబడవు. తిట్టుకుంటూనే ముక్క తీసి, ముల్లు ఏరి, ఆవిడ ముద్ద పక్కన పెట్టింది. మహాలక్ష్మమ్మ తలొంచుకుని తిన్నది.

ఇంకో ముక్క చేతిలోకి తీసుకుని మరిడమ్మ దిబ్బ కిందికి చూసింది.

“బుల్లబ్బాయిగారూ, రండి. మీకూ ఏరి పెడతాను. అప్పుడూ ముల్లుందనే ఏడ్చేరు.”

ఆదిలక్ష్మి డొక్క అంటించుకుని, పొగ ఊదుకుంటూ మొగుడి పక్కనుంచే ఇంటివైపు వెళ్ళిపోయింది. బుల్లబ్బాయి దిబ్బ ఎక్కలేదు. ఇంటికీ కదల్లేదు. ఇంటికి వెళ్ళినా అక్కడి పొయ్యిలో వెలిగేది ఈ దిబ్బ నిప్పే.